అరిజోనా ఎడారిలో ఆదివాసీ నేషన్ ఉద్యోగం: చేరాలా, వద్దా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది అనంతపురం జిల్లా రాయదుర్గం దగ్గర పల్లె. నాన్న వేరుశనగ వేస్తారు. తాతకు గొర్రెల మంద ఉండేది. నేను టూసాన్‌లో సహజ వనరుల మీద ఎం.ఎస్. చేశాను. ఇప్పుడు దక్షిణ అరిజోనాలో ఒక ఆదివాసీ నేషన్ సహజ వనరుల శాఖలో ఎకాలజిస్టు ఉద్యోగం వచ్చింది. మేత భూములు, కలుపు గడ్డి, పశువుల నీటి కుంటలు చూసుకోవాలి. ఫీనిక్స్‌లో ఉన్న ఫ్రెండ్స్ "అక్కడ రెండేళ్లుంటే రెజ్యుమె పాడైపోతుంది" అంటున్నారు. అమ్మ "ఎడారిలో, ఆదివాసుల మధ్య ఆడపిల్ల ఒక్కతే ఎలా" అని రోజూ ఫోన్లో ఏడుపు. పశువులు ఎక్కువై నేల దెబ్బతిందనీ, వాటిని తగ్గించమని చెప్పడమే నా మొదటి పని అవుతుందనీ మా ప్రొఫెసర్ అన్నారు. అక్కడి డేటాతో పీహెచ్‌డీ కూడా చేసుకోవచ్చన్నారు. ఇంటర్వ్యూలో ఒక పెద్దావిడ మాత్రం ఒకటే అడిగారు: "ఎన్నాళ్లు ఉంటావు?" ఏం చెప్పాలో తెలియక నవ్వి ఊరుకున్నాను. చేరమంటారా? చేరితే ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, టూసాన్

జవాబు: చేరండమ్మా. అయితే ఒక షరతు. మీ ఆఫర్ లెటర్‌లో "నిర్వహణ" అని ఉంటుంది. ఆ నిర్వహణ మీ చేతిలో ఉండదు. మీరు కొలుస్తారు, లెక్క తేలుస్తారు, మీ అభిప్రాయం చెబుతారు. నిర్ణయం వాళ్లది. నెలల తరబడి కష్టపడి రాసిన ప్లాన్‌ని మీటింగులో విని, టీ తాగి, "వద్దులే" అంటే ఆ మాటే ఆఖరు. అది తట్టుకోగలనా అని ముందు మిమ్మల్ని మీరు అడగండి. తట్టుకోలేననిపిస్తే ఫెడరల్ శాఖల్లోనో కన్సల్టింగ్ కంపెనీల్లోనో వెతుక్కోవడం మీకూ మంచిది, వాళ్లకూ మంచిది.

మన దగ్గర ఆదివాసీ ప్రాంతమంటే పైన ఐటీడీఏ ప్రాజెక్టు ఆఫీసరు, పక్కన అటవీ శాఖ రేంజరు గుర్తొస్తారు. నల్లమలలో చెంచులకు 2006 అటవీ హక్కుల చట్టం కింద హక్కులున్నా అడవి గేటు తాళం ఇప్పటికీ శాఖ దగ్గరే ఉంటుంది. అరిజోనాలో లెక్క వేరు. అక్కడ ఫెడరల్ గుర్తింపు ఉన్న తెగలు 22, రాష్ట్ర భూమిలో నాలుగో వంతుకు పైగా వాళ్లదే. ఒక్కో తెగకు తన ప్రభుత్వం ఉంటుంది, చాలా తెగలకు తన కోర్టు, తన పోలీసు కూడా ఉంటాయి. భూమి చాలావరకు కాగితం మీద అమెరికా ప్రభుత్వం ట్రస్టుగా పట్టుకుని ఉంటుంది కాబట్టి ఇండియన్ (అంటే అక్కడి ఆదివాసీ) వ్యవహారాల బ్యూరో సంతకాలు అడుగడుగునా కావాలి. కానీ 1975లో వచ్చిన స్వయం నిర్ణయ చట్టం తర్వాత, బ్యూరో నడిపే కార్యక్రమాలను తెగలే కాంట్రాక్టు మీద తీసుకుని సొంతంగా నడుపుకునే వీలు వచ్చింది. మీ ఉద్యోగం లాంటివి చాలా అలా పుట్టినవే. అంటే మీరు ఆదివాసుల కోసం పనిచేసే అధికారి కాదు, వాళ్ల ప్రభుత్వంలో జీతగాళ్లు. మన వాళ్లు చాలామందికి ఈ తేడా మొదట్లో మింగుడుపడదు.

ఇప్పుడు పశువుల విషయం. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. మీ ప్రొఫెసర్ చెప్పింది శాస్త్రం ప్రకారం తప్పు కాకపోవచ్చు. కానీ "పశువులను తగ్గించండి" అన్న మాటకు ఆ నేల మీద ఒక చరిత్ర ఉంది. అది తెలియకుండా మీటింగులో నోరు తెరవకండి.

1930ల్లో ఉత్తరాన ఉన్న నవాహో అనే తెగ వాళ్ల భూమిలో ఏం జరిగిందో చదవండి. నేల కోసుకుపోతోంది, ఆ ఒండ్రు కొలరాడో నదిలో కొట్టుకొచ్చి కొత్తగా కడుతున్న బౌల్డర్ డ్యామ్‌లో, అంటే ఇప్పుడు మనం హూవర్ డ్యామ్ అనేదాంట్లో, పేరుకుపోతుందని వాషింగ్టన్‌లో భయం పట్టుకుంది. అప్పటి ఇండియన్ వ్యవహారాల కమిషనర్ జాన్ కోలియర్ మందలు తగ్గించే కార్యక్రమం పెట్టాడు. నిజానికి అతను ఆదివాసుల పక్షాన నిలిచినవాడిగా పేరున్న మనిషి. కొన్నేళ్లలో మందలు దాదాపు సగానికి పడిపోయాయి. కొన్నిచోట్ల ప్రభుత్వం కొన్న గొర్రెలనూ మేకలనూ రైల్వే స్టేషన్ దాకా తోలే వీలులేక అక్కడికక్కడే కాల్చి వదిలేశారు. నవాహో ఇళ్లలో మంద చాలావరకు ఆడవాళ్ల ఆస్తి. దీని మీద తెగ కౌన్సిల్‌లో చర్చించి ఓటేసినవాళ్లు మాత్రం మగవాళ్లు. గొర్రెతో పాటు ఉన్ని, దుప్పటి నేత, మాంసం, పెళ్లికి ఇచ్చే కానుక, ఇంట్లో ఆడమనిషి మాటకు ఉన్న బరువు అన్నీ తగ్గిపోయాయి. దానికి "నేల సంరక్షణ" అని పేరు పెట్టారు. తొంభై ఏళ్లు కావొస్తున్నా అక్కడి ఇళ్లలో ఆ మాట చల్లారలేదు. మీ తాత మందను ఎవరో లెక్కగట్టి, సగం వాగులో చంపిపడేసి, "ఇది నీ మంచికే" అని రసీదు చేతిలో పెట్టారనుకోండి. మీ ఇంట్లో ఎన్ని తరాలు గుర్తుపెట్టుకుంటారు?

మీరు చేరేది నవాహోలో కాదు, దక్షిణాన. అక్కడి టోహోనో ఓధమ్ తెగ వాళ్ల కథ కొంచెం వేరు. పదిహేడో శతాబ్దం చివర్లో కీనో అనే మిషనరీ ఫాదర్ ఆ వైపు వచ్చినప్పటి నుంచీ పశువులు వాళ్ల జీవితంలో ఉన్నాయి. మూడు వందల ఏళ్ల అలవాటు. వాళ్ల ముఖ్య పట్టణం సెల్స్‌లో ఏటా రోడియో అనే పశువుల పోటీలు, తిరునాళ్ల లాంటి సంబరం జరుగుతాయి. పశువులు కాచే పనిని వాళ్లు ఎక్కడినుంచో వచ్చి తగులుకున్న దురలవాటుగా చూడరు, తమ పనిగా చూస్తారు. మేత భూమి చాలాచోట్ల ఉమ్మడిది. మన పల్లెల్లో పోరంబోకు బీడు మీద ఎవరి మాట చెల్లుతుందో బయటివాళ్లకు ఎలా అర్థం కాదో, అక్కడా అంతే. కాగితం మీద ఒక హద్దు, మనుషుల మనసులో ఇంకో హద్దు.

కాబట్టి సంఖ్యతో మొదలుపెట్టకండి. నీటితో మొదలుపెట్టండి. ఎడారిలో పశువు నీటి చుట్టూ తిరుగుతుంది. నేల దెబ్బతినేది కూడా ఎక్కువగా అక్కడే. వాళ్లు చార్కో అనేవి మన కుంటల్లాంటివే, వాన నీటిని ఆపడానికి తవ్వినవి. ఏ చార్కోలో ఏ నెల దాకా నీళ్లుంటాయి, ఏది పూడిపోయింది, ఏ బోరు మోటారు ఎప్పటినుంచి పనిచేయడం లేదు, ఎవరు ట్యాంకర్‌తో నీళ్లు తోలుకుంటున్నారు, ఇవన్నీ మొదట రాసుకోండి. ఒక వైపు నీరు మూసి ఇంకో వైపు తెరిస్తే, కంచె వేయకుండానే ఒక మేత భూమికి విశ్రాంతి దొరుకుతుంది. పశువులున్న ఇళ్లవాళ్లకు ఈ మాట ఉపయోగపడే మాటలా వినిపిస్తుంది. రెండోది, ఫొటోలు. ఒకే చోట నిలబడి, ఒకే దిక్కుకు, ఏటా ఒకే కాలంలో తీసినవి. పాత ఫొటోలు ఆఫీసు బీరువాల్లో ఎక్కడో ఉంటాయి, వెతకండి. వాటిని పక్కపక్కన పెట్టి చూపించి మీరు నోరు మూసుకోండి. "ఎన్ని ఉండాలి" అన్న మాట పశువులు పెంచేవాళ్ల నోటి నుంచే వచ్చేదాకా ఆగండి. రావడానికి ఒక ఏడాది పట్టవచ్చు, మూడేళ్లూ పట్టవచ్చు. ఈలోగా పశువులను ఒకచోటికి తోలే రౌండప్ రోజున పిలిస్తే వెళ్లి గేటు పట్టుకోండి, దుమ్ము తినండి. లాప్‌టాప్ కారులోనే ఉండనివ్వండి.

ఆ ఏడాది ఎందుకంటే, ఒక్క ఏడాది లెక్కతో ఆ ఎడారిలో ఏమీ తేలదు. అనంతపురం అంటేనే మనకు కరువు గుర్తొస్తుంది, అయినా అక్కడ ఏటా సుమారు 550 మి.మీ. పడుతుంది. టూసాన్‌లో అందులో సగం, సుమారు 270. అదీ రెండు విడతలుగా. జులై నుంచి సెప్టెంబరు దాకా ఉరుములతో కురిసే వాన ఒకటి, చలికాలంలో నెమ్మదిగా నానబెట్టే వాన ఒకటి. ఏ విడత తప్పిందన్నదాన్ని బట్టి ఏ గడ్డి లేస్తుందో, ఏ పువ్వు పూస్తుందో మారిపోతుంది. ఒకే లోయలో ఈ పక్క కుండపోత, ఆ పక్క చుక్క ఉండదు. మంచి వాన పడ్డ ఏడు కొలిచి "బాగుంది" అనడం ఎంత తప్పో, ఎండిన ఏడు కొలిచి "పాడైంది" అనడం అంతే తప్పు. కొత్తగా వచ్చే ఎకాలజిస్టుల రిపోర్టులు బీరువాల్లో మూలుగుతుంటాయంటే ఇది పెద్ద కారణం. ఒక ఎండాకాలం వచ్చి, కొలిచి, రాసి, వెళ్లిపోతారు. ఇంటర్వ్యూలో ఆ పెద్దావిడ అడిగిన ప్రశ్నలో సాంకేతిక విషయం కూడా ఉందని అందుకే అంటున్నాను. ఆమెకు నిజం చెప్పండి: "నా వీసా ఇన్నాళ్లు. కనీసం మూడు వానాకాలాలు చూడాలని ఉంది." "జీవితాంతం ఉంటాను" అంటే ఎవరూ నమ్మరు.

మొక్కల విషయంలో మీకు ఒక తమాషా ఎదురవుతుంది. మీ ఊళ్లో చెరువు కట్ట మీద, బీడుల్లో అల్లుకుపోయిన సర్కారు తుమ్మ తెలుసుగా, మీ వైపు కంప చెట్టు అంటారు. గొడ్డు ఆకు ముట్టదు, కాయ తిని పేడతో విత్తనం ఊరంతా చల్లుతుంది, బొగ్గు కాల్చుకునేవాళ్లు తప్ప దాన్ని మెచ్చుకునేవాళ్లు తక్కువ. అది అమెరికా ఖండాల నుంచి పందొమ్మిదో శతాబ్దంలో మనకు దిగుమతైన చెట్టు. దాని సొంత అక్కచెల్లెలు అరిజోనాలో ఉంటుంది, మెస్కిట్ అంటారు. అక్కడ అది ఇంటి చెట్టు, అన్నం పెట్టే చెట్టు. ఓధమ్‌లు తరతరాలుగా దాని కాయలు దంచి తియ్యటి పిండి చేసుకున్నారు. నీడకు, కట్టెకు, గుడిసె స్తంభానికి, మందుకు అదే. టూసాన్ దగ్గర ఒక గని తవ్వుతున్నప్పుడు దాని వేరు 53 మీటర్ల లోతున కనిపించింది. ఇంకోవైపు, అక్కడ అందరూ పీకడానికి వెంటపడే బఫెల్ గడ్డి మన దేశానికి కొత్తది కాదు. రాజస్థాన్‌లో ధామన్, అంజన్ అని పిలుస్తూ పశువుల కోసం ముద్దుగా పెంచే గడ్డే. నేల కోతను ఆపుతుందని, మేతకూ పనికొస్తుందని 1930లు, 40ల్లో అమెరికా ప్రభుత్వ నేల సంరక్షణ శాఖే దాన్ని అరిజోనాలో నాటించింది.

ఇప్పుడు అది కొండవాలుల మీద పాకి, ఎండి, అగ్గిపుల్ల కోసం ఎదురుచూస్తోంది. సోనోరన్ ఎడారికి, అంటే మీరు పనిచేయబోయే ఎడారికి, మంటలు అలవాటు లేవు. మొక్కకూ మొక్కకూ మధ్య ఖాళీ నేల ఉండేది కాబట్టి నిప్పు పుట్టినా నడవలేకపోయేది. ఈ గడ్డి ఆ ఖాళీలను పూడ్చింది. ఒకసారి కాలితే గడ్డి మళ్లీ చిగురిస్తుంది. స్తంభంలా పెరిగే సగువారో కాక్టస్, పాలో వెర్దే చెట్టు చిగురించవు. సగువారోకు మొదటి కొమ్మ రావడానికే యాభై నుంచి డెబ్బై ఐదేళ్లు పడుతుంది. చిన్నప్పుడు పాలో వెర్దే, మెస్కిట్ లాంటి చెట్టు నీడలో దాక్కుని పెరుగుతుంది. ఆ చెట్టు పోతే పిల్ల సగువారోకు దిక్కు ఉండదు. ఓధమ్‌లు సగువారోలను మనుషుల్లాగే చూస్తారు. జూన్‌లో ఎండ మండిపోతున్నప్పుడు పొడవాటి కర్రలతో వాటి పండ్లు దులిపి, పాకం కాచి, దాన్ని పులియబెట్టి, వాన రమ్మని పిలిచే పండుగ చేసుకుంటారు. ఆ కర్ర కూడా చనిపోయిన సగువారో ఎముకలతో, అంటే లోపలి కట్టెతో, చేసిందే.

అందుకే గడ్డి మందు కొట్టడం మీద మీకు గొడవ తప్పదు. మందు పనిచేయాలంటే గడ్డి పచ్చగా ఉండాలి. వానాకాలంలో కొన్ని వారాలే ఆ అవకాశం. కాగితం మీద చూస్తే ఆ వారాల్లో ఎంత వీలైతే అంత కొట్టాలి. కానీ ఆ వాలులోనే బుట్టలు అల్లేవాళ్లు కోసుకునే గడ్డి, యుక్కా అనే మొక్క ఉండవచ్చు. మన తేలుకొండికాయకు చుట్టమైన డెవిల్స్ క్లా ఏ వాగు అంచునో ఉండవచ్చు. దాని నల్లటి నారే వాళ్ల బుట్టల మీద కనిపించే నల్ల గీత. మనిషి ఆ నారను పళ్లతో పట్టి, నోట్లో తడిపి అల్లుతుంది. ఆమె "ఇక్కడ మందు వద్దు" అంటే ఆ మాట భావోద్వేగం కాదు, పక్కా ఆరోగ్య సమాచారం. ఎక్కడ మందు, ఎక్కడ గునపం, ఎక్కడ అసలు వదిలేయాలి అనే మ్యాపు ముందు వాళ్లతో కూర్చుని గీయండి. ఆ మ్యాపులో కొన్ని చోట్లు ఎందుకు ఖాళీగా వదిలారో మీకు చెప్పకపోవచ్చు. అడక్కండి.

నేలలో గుంత తవ్వి మట్టి నమూనా తీయడం మనకు రోజువారీ పని. అక్కడ మాత్రం సాంస్కృతిక వ్యవహారాల ఆఫీసుకు చెప్పకుండా పార నేలకు తగలకూడదు. మీ కాలి కింద ఎవరి పూర్వీకులు ఉన్నారో మీకు తెలియదు. ఇంకో చిన్న విషయం. కొన్ని కథలు చలికాలంలోనే చెప్పుకుంటారు. ఆ కొండ పేరెందుకు వచ్చింది, ఆ వాగు కథేమిటి అని జులైలో సర్వే ఫారం పట్టుకుని పెద్దవాళ్ల వెంటపడితే మర్యాదగా మాట మారుస్తారు. మీరేమో సమాచారం ఇవ్వడం లేదని రిపోర్టులో రాస్తారు. అలాంటి రిపోర్టులు చాలా చూశాను.

డేటా, పీహెచ్‌డీ సంగతి. ఇక్కడ నేను మీ ప్రొఫెసర్‌తో అస్సలు ఏకీభవించను. గ్రాండ్ కాన్యన్‌లో ఉండే హవసుపాయ్ తెగ వాళ్లు 1990 ప్రాంతంలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులకు రక్తం ఇచ్చారు, మధుమేహం ఎందుకింత ఎక్కువగా వస్తోందో తెలుస్తుందని. తర్వాత ఆ రక్తాన్ని స్కిజోఫ్రీనియా మీద, దగ్గరి సంబంధాల పెళ్లిళ్ల మీద, వాళ్ల పూర్వీకులు ఎక్కడినుంచి వలస వచ్చారన్నదాని మీద పరిశోధనలకు కూడా వాడారని బయటపడింది. "మేం ఈ కాన్యన్‌లోనే పుట్టాం" అని నమ్మే జనానికి, వాళ్ల రక్తంతోనే "కాదు" అని చెప్పినట్టయింది. కేసు నడిచి 2010లో యూనివర్సిటీ 7 లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన నమూనాలు తిరిగి ఇచ్చింది. ఆ నమూనాలను తెగ వాళ్లు ఏడుస్తూ తీసుకెళ్లారు. ఆ తర్వాత అరిజోనాలో ఏ తెగ దగ్గరికి వెళ్లినా "పరిశోధన" అనగానే ముఖాలు ఎందుకు మారతాయో ఇక మీకు చెప్పనక్కర్లేదు.

మీరు కొలిచేది రక్తం కాదు, గడ్డి. అయినా మీ జీపీఎస్ ఫైల్లో ఒక ఊట ఎక్కడుందో, అరుదైన మొక్క ఎక్కడుందో, పండ్ల కోతకు వేసే గుడారం ఎక్కడో ఉంటుంది. అది పేపర్లో వస్తే వారం తిరక్కుండా ఎవడో ఒకడు డ్రోన్ పట్టుకుని వస్తాడు. డేటా తెగదే. ఉద్యోగంలో చేరే ముందే అడిగి కాగితం మీద పెట్టించుకోండి: ఏది ఎవరి అనుమతితో బయటికి వెళ్తుంది, రాసినది ప్రచురణకు ముందు ఎవరు చదువుతారు, "వద్దు" అంటే ఏం చేయాలి. ఇదంతా అయ్యాక ఎప్పుడో వాళ్లే "ఈ విషయం మీద రాయండి, మాకు కోర్టులో పనికొస్తుంది" అంటే అప్పుడు పీహెచ్‌డీ గురించి ఆలోచించండి. ఉద్యోగాన్ని పీహెచ్‌డీకి ఫీల్డ్ సైట్‌గా వాడుకోవాలని మాత్రం చేరకండి.

కోర్టు అన్నాను కాబట్టి నీళ్ల గురించి రెండు మాటలు. అమెరికా సుప్రీంకోర్టు 1908లో వింటర్స్ కేసులో, ఒక తెగకు రిజర్వేషన్‌గా భూమి కేటాయించారంటే దానికి సరిపడా నీళ్లు కూడా ఇచ్చినట్టే అని తేల్చింది. చెప్పడం తేలిక. టూసాన్ పక్కనే ఉన్న శాన్ హావియేర్‌లో ఒకప్పుడు శాంటా క్రూజ్ నది ఒడ్డున పెద్ద మెస్కిట్ అడవి ఉండేది. చుట్టూ నగరం, గనులు, పొలాలు భూగర్భ జలాన్ని తోడేసేసరికి నీటిమట్టం వేర్లకు అందనంత కిందికి పోయి ఆ అడవి ఎండిపోయింది. 53 మీటర్లు దిగగల చెట్టే ఓడిపోయిందంటే ఎంత తోడి ఉంటారో చూడండి. ఆ నీళ్ల హక్కు మీద 1982లో ఒక చట్టం వచ్చింది, 2004లో ఇంకోటి వస్తే గానీ వ్యవహారం తేలలేదు. ఇప్పుడు కొలరాడో నది నుంచి కాలువలో వచ్చే నీళ్లతో అక్కడి సహకార వ్యవసాయ క్షేత్రం టెపరీ చిక్కుళ్లు పండిస్తోంది, మెస్కిట్ పిండి అమ్ముతోంది. ఒక శనివారం వెళ్లి రండి. ఆ చిక్కుళ్లతో పప్పు చేసుకోండి, తాలింపు బాగా పడుతుంది. ఉద్యోగానికి సంబంధించి నేను చెప్పేది ఒక్కటే. బోర్ల లోతులు, ఊటల ప్రవాహం లాంటి అంకెలు ఈ-మెయిల్లో ఎవరికీ పంపకండి, యూనివర్సిటీ స్నేహితులకు కూడా. అవి కేసుల్లో సాక్ష్యాలు. ముందు తెగ లాయరుకు తెలియాలి.

మీ ఫ్రెండ్స్ అనే రెజ్యుమె భయం నాకు లేదు. ఒక నేల మీద మూడేళ్లు నిలబడి, మీటింగుల్లో నలిగి, గ్రాంటు రాసి, ఫెడరల్ ఆఫీసుతోనూ పశువుల కాపరితోనూ ఒకే రోజు మాట్లాడగలిగిన మనిషిని ఎవరూ వద్దనరు. కష్టాలు వేరే ఉన్నాయి. చాలా పోస్టులు గ్రాంటు మీద నడుస్తాయి, గ్రాంటు అయిపోతే పోస్టూ అయిపోతుంది. మీది ఏ డబ్బుతో, ఎప్పటిదాకా అని అడగండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పై పోస్టు ఖాళీ అయితే అర్హత ఉన్న తెగ సభ్యులకు ముందు ఇస్తారు, అది న్యాయం కూడా. మీ కింద పనిచేసే కుర్రాళ్లలో ఒకరికి మీ పని మొత్తం నేర్పి, రేపు వాళ్లు మీ కుర్చీలో కూర్చునేలా చేయడం మీ ఉద్యోగంలో భాగమే అనుకోండి. సెల్స్‌లో ఉన్న ట్రైబల్ కాలేజీలో ఓధమ్ భాష, సంస్కృతి కోర్సులు చెబుతారు. చేరడానికి వీలుందేమో కనుక్కుని ఒక సెమిస్టర్ కూర్చోండి.

వీసా మాట కూడా ఇప్పుడే. మీరు స్టెమ్ ఓపీటీ (చదువు అయ్యాక పనిచేసుకునే అనుమతి) పొడిగింపు మీద లెక్క వేసుకుంటుంటే, ఆ ఆఫీసు ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) నమోదై ఉందా అని సంతకానికి ముందే రాతపూర్వకంగా కనుక్కోండి. హెచ్-1బీ పెట్టిన అనుభవం వాళ్లకు లేకపోతే ఇమ్మిగ్రేషన్ లాయరును మీరే చూసుకోవాల్సి రావచ్చు.

అమ్మకు ఏం చెప్పాలి? "ఆదివాసుల మధ్య" అన్న భయాన్ని ఫోన్లో వాదించి తీసేయలేరు. ఒకసారి సంబరానికి వీడియో కాల్ పెట్టండి, పిల్లలూ ముసలివాళ్లూ తిండీ కనిపిస్తే సగం టెన్షన్ పోతుంది. మిగతా సగం భయం మాత్రం నిజమే, దానికి మీరు ఏర్పాట్లు చేసుకోవాలి. జూన్‌లో 40 డిగ్రీలు దాటడం మామూలు. తాగే నీళ్లు మీకు కావాల్సినదానికి రెట్టింపు బండిలో ఉండాలి. ఫోన్ సిగ్నల్ లేని చోట్లు ఎక్కువ, శాటిలైట్ మెసెంజర్ ఆఫీసు ఇవ్వకపోతే మీరే కొనుక్కోండి. ఎటు వెళ్తున్నారు, ఎన్నింటికి తిరిగొస్తారు అని ఒకరికి రాసి ఇవ్వకుండా బయల్దేరకండి. కొండల మీద మబ్బు పడితే, మీ నెత్తి మీద ఎండ ఉన్నా, వాగు దాటకండి. మీరున్నచోట చినుకు లేకుండానే ఇసుక వాగులోకి నీళ్లు గోడలా వస్తాయి. ఏటిపాయల్లో పుట్టిపెరిగినవాళ్లు కూడా అక్కడ బళ్లు పోగొట్టుకున్నారు.

ఇంకోటి, ఇంటర్వ్యూల్లో సాధారణంగా ఎవరూ చెప్పనిది. టోహోనో ఓధమ్‌ల నేల మెక్సికో సరిహద్దును సుమారు 62 మైళ్ల పొడవున ఆనుకుని ఉంది. 1853-54లో అమెరికా ఆ భూమి కొన్నప్పుడు ఓధమ్‌లను అడగకుండానే గీత వాళ్ల ఊళ్ల మధ్య గీశారు. ఇప్పుడు ఆ రోడ్ల మీద సరిహద్దు గస్తీ బళ్లు, చెక్‌పోస్టులు ఉంటాయి. గోధుమ రంగు చర్మంతో, మన యాసతో, దుమ్ము కొట్టుకుపోయిన ట్రక్కులో ఒక్కరే వస్తుంటే మిమ్మల్ని ఆపుతారు. సొంత నేల మీద ఓధమ్‌లనే ఆపుతుంటారు. పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), వర్క్ పర్మిట్ కార్డు, ఆఫీసు ఐడీ ఎప్పుడూ దగ్గర ఉండాలి, ఫీల్డుకు వెళ్లే రోజు మరీనూ. ఎడారి దాటుతూ దాహంతో పడిపోయిన వలస మనుషులు కనిపించవచ్చు, కొన్నిసార్లు ప్రాణం లేనివాళ్లు కూడా. అలాంటప్పుడు ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది ఆఫీసులో మొదటి వారమే అడిగి తెలుసుకోండి. మీలా వీసా మీద ఉన్నవాళ్లు అలాంటివాళ్లను బండిలో ఎక్కించుకోవడం చట్టం రీత్యా ప్రమాదం. నీళ్లివ్వడం, సహాయానికి ఫోన్ చేయడం వేరు. మనసుకు బరువైన పని ఇది, దీని గురించి మాట్లాడుకోవడానికి ఒక మనిషిని చూసి పెట్టుకోండి.

మీ ఊరి గురించి ఒక హెచ్చరిక, ప్రేమగానే. మీరు కరువు సీమ బిడ్డ. కుంట ఎండితే పశువు కళ్లు ఎలా ఉంటాయో తెలిసిన మనిషి, ఈ ఉద్యోగానికి అది డిగ్రీ కంటే ఎక్కువే. తాత మంద గురించి అడిగితే చెప్పండి, ఇష్టంగా వింటారు. కానీ ప్రతి మాటకూ "మా ఊళ్లోనూ ఇంతే" అనకండి. వాళ్లు తమ సంగతి చెబుతుంటే మీరు మీ సంగతి అందుకోవడం అవుతుంది. మీటింగులో ఎవరూ మాట్లాడకుండా కాసేపు కూర్చుంటారు. మనకు ఆ నిశ్శబ్దం కంగారు పెడుతుంది, ఏదో ఒకటి అనేస్తాం. ఆగండి. తర్వాత మాట్లాడేవాళ్లు అసలు విషయం చెబుతారు. ఊళ్లో ఎవరైనా పోతే మీ క్యాలెండర్‌లో ఏం ఉన్నా ఆఫీసు పని ఆగుతుంది, దాని మీద విసుక్కోకండి.

చేరే తేదీ విషయం తేల్చుకోండి. వాళ్లు ఆగస్టు అని ఉంటే, జూన్ మొదటి వారం కుదురుతుందా అని అడగండి. ఓధమ్‌లకు ఏడాది మొదలయ్యేది అప్పుడే, పండ్ల కోతతో, తర్వాత వచ్చే వానతో. ఆగస్టులో దిగితే మీకు పచ్చటి ఎడారి కనిపిస్తుంది, ఆ పచ్చదనమంతా మేత అనుకుని లెక్క మొదలుపెడతారు. జూన్‌లో అయితే బోసి నేల, ఎండిన చార్కోలు, నీళ్ల ట్యాంకర్ల వెనక తిరిగే మనుషులు కనిపిస్తారు. సెల్స్ చుట్టుపక్కల అద్దె ఇళ్లు దొరకడం కష్టం. దొరికేదాకా టూసాన్ గది ఖాళీ చేయకండి, సెల్స్ అక్కడికి సుమారు 60 మైళ్లే, చాలామంది రోజూ తిరుగుతున్నారు. ట్రక్కు ఆఫీసుదైనా స్పేర్ టైర్లు రెండు ఉన్నాయా, జాక్ పనిచేస్తోందా అని బయల్దేరే ముందు మీరే చూసుకోండి.